స్టీలు బద్ద

ఎడమ కన్ను మూసి, మేస్త్రి స్టీలు బద్దను ముందున్న పళ్ళచక్రానికి ఆనించాడు. దాని రెండో కొస వెనక ఉన్న ఐదు పళ్ళచక్రాల వైపు సాగింది. పెడళ్ళు బిగించే క్రాంకులు కొత్తవి వేసిన ఈ సైకిలుకి ఆ కొస నడిమి పళ్ళచక్రానికి తగలాలి. ఇప్పుడు దాన్ని దాటి బయటి అంచుకి చేరింది.

రెండు క్రాంకుల్నీ కలిపే పాత ఇరుసు వీటికి పొడుగు. అంతే సంగతి.

ఇరవై రెండేళ్ళుగా ఇలా చూసి చూసి అతని ఎడమ కంటి చుట్టూ ముడతలు పడ్డాయి. షాపులో పేరు ‘ఒంటికన్ను’. ఇంట్లో గోడకి పటం తగిలించమన్నా ముందు ఆ కన్నే మూస్తాడు. "నన్ను మొదటిసారి చూసినప్పుడూ ఒక కన్నుతోనే చూశారు. రెండోది తెరిచుంటే పారిపోయేవారు" అంటుంది భార్య.

మేనేజరు వచ్చి పెడల్ని చేత్తో గిర్రున తిప్పాడు.

"శుభ్రంగా తిరుగుతోందిగా మేస్త్రీ. సంతకం పడెయ్. టీచరమ్మ వచ్చే వేళయింది."

"స్టాండు మీద ఏదైనా తిరుగుతుంది సార్. వంతెన ఎక్కేటప్పుడు ఆవిడ చైనుని లోపలి పెద్ద పళ్ళచక్రం మీదికి మారుస్తుంది. వంకరగా లాగి ఊడిపోద్ది. వెనక సీట్లో పాప ఉంటుంది. పొట్టి ఇరుసు వేస్తా, గంట పని."

"గంటకి నాలుగు సైకిళ్ళు దిగాలి. వంకర సైకిల్లో లేదయ్యా, నీ కంట్లో ఉంది."

మేస్త్రి సంతకం పెట్టకుండానే క్యారేజీ పట్టుకుని పెరటి మెట్ల మీదికి వెళ్ళాడు. నాలుగు ముద్దలు మింగి వచ్చేసరికి స్టాండు ఖాళీ. బల్ల మీద ఆ సైకిలు తనిఖీ కాగితం నకలు ఉంది. ‘చైను వరుస సరిచూశాను’ అన్న మాట కింద అతని పేరుతో సంతకం. చేతిరాత మేనేజరుది.

సరిగ్గా లేని పనికి ఇన్నేళ్ళలో ఒక్క గీత గీయలేదు అతను. అడిగేందుకు కూడా ఆగలేదు. గుమ్మంలో ఉన్న తన సైకిలెక్కి తొక్కాడు.

వంతెన సగంలో టీచరమ్మ కనిపించింది. చైను వేలాడుతోంది. ఒరిగిన సైకిల్ని తుంటితో ఆపి, ఒక చేత్తో పాపని పొదివి పట్టుకుంది. మోకాలు చెక్కుకుపోయింది. వెనక, జానెడు దూరంలో ఆగిన లారీ ఇంకా హారను కొడుతూనే ఉంది.

"మీరే చూశారని కాగితంలో ఉందండీ మేస్త్రిగారూ" అంది ఆమె.

"చూశానమ్మా. సంతకమే నాది కాదు."

తల్లీబిడ్డల్ని వెంటబెట్టుకుని, రెండు సైకిళ్ళూ నడిపించుకుంటూ వచ్చి, కొనడానికి వచ్చినవాళ్ళ మధ్య, షాపు నడిబొడ్డునే కూర్చున్నాడు. క్రాంకులు ఊడదీశాడు. పొట్టి ఇరుసు బిగించాడు. గంట కాదు, గంటన్నర పట్టింది. బద్ద ఆనించి కన్ను మూశాడు. కొస నడిమిదానికి తగిలింది. దొంగ సంతకాన్ని గీత గీసి కొట్టేసి, పక్కన తనది పెట్టి, కాగితం టీచరమ్మకిచ్చాడు.

ఆమె వెళ్ళేదాకా మేనేజరు నవ్వుతూనే ఉన్నాడు.

"నలుగురిలో షాపు పరువు తీశావ్. రేపట్నుంచి రావద్దు."

"పరువు వంతెన మీద పడుంది సార్. నేను తియ్యలేదు."

చేతులు కడుక్కుని క్యారేజీ తీసుకున్నాడు. బద్ద తనదే, చేత్తో అరగదీసి చేసుకున్నది. అయినా దాన్ని మేకుకే తగిలించాడు. ఆ స్టాండు దగ్గరికి రేపు ఇంకొకడు వస్తాడు, వాడికి కావాలి.

వారం తర్వాత అటుగా వెళ్తూ ఆగాడు. అమ్మకానికి నిలబెట్టిన సైకిళ్ళన్నిటికీ కొత్త చీటీలు వేలాడుతున్నాయి, ‘చైను వరుస సరిచూడబడినది’ అని అచ్చు వేసినవి. లోపల మేకు ఖాళీగా ఉంది. పక్కన, పైకెత్తిన కిటికీ రెక్క పడిపోకుండా కింద ఏదో ఆపు పెట్టారు. అలవాటుగా ఎడమ కన్ను మూసి చూశాడు.

స్టీలు బద్ద. బరువుకి నడుం దగ్గర అప్పుడే కాస్త వంగింది.