నాన్న చెయ్యి

మా రూబీ నడుముకి కట్టే తాడు పొడవు పదకొండు మూరలు. నేనే కొలిచి కోశాను. మకాం గుంజకి కడితే ఆ తాడు నీళ్ళకి నాలుగడుగుల ఇవతలే అయిపోతుంది. మకాం అంటే చేపల చెరువు గట్టు మీద కాపలావాడు ఉండే రేకుల పాక. భీమరాజు గారికి మూడు చెరువులు. మూడింటికీ మేతా, కాపలా నావే.

మా ఆవిడ మాణిక్యం ఇంటిపనికి కువైట్ వెళ్ళి ఏడాదిన్నర అయింది. మా పిల్ల రూబీని మా అత్త చూసేది. మార్చిలో అత్త పోయింది. ఆరేళ్ళ పిల్లని చెరువు మీదకి తెచ్చుకోవడం తప్ప దారి లేకపోయింది. ఊళ్ళో బడి రెండు మైళ్ళు. దారంతా రెండు పక్కలా నీళ్ళే.

ఏప్రిల్ చివర్లో ఒక పొద్దున నేను పడవ మీద నిలబడి కర్రలకి మేత సంచులు కడుతున్నాను. వెనక్కి తిరిగి చూస్తే గుంజ దగ్గర తాడొక్కటే ఉంది. పిల్ల గుండెల్లోతు నీళ్ళలో నిలబడి ఉంది. ఏడవడం లేదు.

"చేప కోసం నాన్నా" అంది.

ఇంకొక్క అడుగు వేస్తే అక్కడ నాకే మునుగు లోతు. ఆ చెరువు తవ్వేటప్పుడు నేను అక్కడే ఉన్నాను.

ఆ మధ్యాహ్నమే పిల్లని సైకిలెక్కించుకుని భీమవరంలో ఆడపిల్లల హాస్టల్‌కి వెళ్ళాను. వార్డెన్ పాపాయమ్మ గారు నన్నూ, పిల్లనీ, నా కాళ్ళ బురదనీ చూశారు.

"జూన్ పన్నెండున రండి. ఒకటో తరగతికి నాలుగే సీట్లున్నాయి. అక్షరాలన్నీ గుర్తుపట్టాలి, చూడకుండా రాయాలి. దగ్గర కూర్చుని దిద్దించడానికి మాకు మనుషులు లేరండి."

వచ్చే దారిలో పలకా, బలపాలూ కొన్నాను. నేను చదివింది ఐదో తరగతి. మా మాస్టారు నాకెలా నేర్పారో అలాగే మొదలుపెట్టాను. పలక నిండా పెద్దగా అ రాసి, పిల్ల పిడికిలిని నా పిడికిట్లో పట్టుకుని, ఆ గీత మీదే పదిసార్లు దిద్దించడం. మాస్టారు నాలుగో రోజుకి చెయ్యి వదిలేసేవారు. నేను వదల్లేదు. వదిలితే గీత వంకర పోయేది. తుడిచి మళ్ళీ పట్టేవాణ్ణి. రోజుకి రెండక్షరాలైనా దిద్దించకపోతే గడువులోగా పూర్తి కావు. పొద్దున మేత వేశాక ఒకసారి, ఎండ దిగాక ఒకసారి. నాకు మాటలు తక్కువ. అక్షరం పేరు చెప్పి, "వదిలితే వంకర పోద్ది, పట్టు" అనేవాణ్ణి. అంతే. పిల్ల చెయ్యి నా చేతిలో మెత్తగా తిరిగేది. జూన్ వచ్చేసరికి అన్నీ వచ్చేశాయనే అనుకున్నాను.

పన్నెండో తారీఖు గేటు దగ్గర సామ్యేలు అనే ముసలాయన కూర్చుని ఉన్నాడు.

"ఏంటండోయ్, మీకంటే ముందు మీ వాసన వచ్చింది! తెచ్చింది ఆడపిల్లనా, బొచ్చె చేపపిల్లనా?"

రూబీ నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

లోపల పాపాయమ్మ గారు చార్టు మీద బెత్తం పెట్టారు. ఎక్కడ పెడితే అక్కడ రూబీ టకటకా చెప్పేసింది. క్ష కూడా చెప్పింది.

"గట్టిదే! ఇప్పుడు అ రాయమ్మా."

రూబీ బలపం పట్టుకుని చెయ్యి పలక మీద పెట్టింది. అలాగే ఉండిపోయింది.

"రాయమ్మా."

"నాన్న చెయ్యి రాలేదండి" అంది.

వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. పాపాయమ్మ గారు నవ్వలేదు.

"ఏసురాజు గారూ, ఇన్నాళ్ళూ మీరు రాశారు. పిల్ల రాయలేదు."

"ఇంకొక్క వారం ఇప్పించండమ్మా."

"నాలుగింటికి లిస్టు రాసేస్తాను. ఈలోగా వస్తే చూస్తాను. అంతకంటే నా చేతిలో లేదండి."

అప్పటికి పదకొండు. హాస్టల్ ఎదురుగా కాలువ గట్టు మీద కూర్చున్నాం.

"రాయి."

"చెయ్యి పట్టు నాన్నా."

"పట్టను. రాయి."

గీత పామైంది. ఇంకో గీత గుడ్డైంది. రూబీ ఏడ్చింది. ఒంటిగంటకి ఒక బన్ను పెట్టాను, తినలేదు. రెండింటికి దాని వీపు మీద ఒక దెబ్బ వేశాను. అంతకుముందెప్పుడూ వెయ్యలేదు. బలపం జారి రాయి మీద పడి విరిగింది. చిన్న ముక్క మిగిలింది.

గేటు కేసి చూస్తూ తాడు గురించి ఆలోచించాను. ముడైతే ఊడదీసుకుంటోంది. గొలుసూ, తాళమూ వెయ్యాలి అనుకున్నాను. కన్న పిల్లకి తాళం. అది అనుకున్నాక నా చేతులు వణకడం మొదలుపెట్టాయి. ఆ ముక్క తీసుకుని, చూసైనా రాస్తుందేమోనని పలక మీద అ రాయబోయాను. రాలేదు. గీత ఎటో పోయింది.

రూబీ ఏడుపు ఆపి నా గీత చూసింది.

"అలా కాదు నాన్నా. వదిలితే వంకర పోద్ది, పట్టు" అంటూ తన రెండు చేతుల్తో నా పిడికిలి పట్టుకుంది.

నేను నా చేతిని చచ్చుబడినట్టు వదులుగా పెట్టాను. ఆ చిన్న చేతులు దాన్ని లాగాయి, తిప్పాయి, పైకెత్తి దించాయి. పలక మీద అ ఉంది. తర్వాత ఆ. తర్వాత ఇ. నేనేమీ చెయ్యలేదు, ఒట్టు. అః దాటి క దగ్గర మెల్లగా నా చెయ్యి లాక్కున్నాను. దాని చెయ్యి ఆగిపోయింది. మళ్ళీ ఇచ్చాను. కదిలింది.

పావు తక్కువ నాలుగింటికి రూబీతో లోపలికెళ్ళి జరిగింది చెప్పాను. పాపాయమ్మ గారు పెన్ను మూత బిగించారు.

"మీ చెయ్యి దాని మీదున్నా, దాని చెయ్యి మీ మీదున్నా, రాసేది మీరే కదండీ."

నేను పెద్దవాళ్ళకి ఎదురు చెప్పి ఎరగను. "అయితే మీ చెయ్యివ్వండమ్మా" అన్నాను.

ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, బలపం ముక్క పట్టుకుని కుడిచెయ్యి జాపారు. రూబీ పట్టుకుంది.

"బిగబట్టకండి. వదులుగా పెట్టండి" అంది ఆవిడతో.

అ వచ్చింది. ఆవిడ వరస తప్పించి ఖ అడిగారు. వచ్చింది. ఝ అడిగారు. రూబీ నాలిక బయటపెట్టి, ఆవిడ చేతిని మూడుచోట్ల తిప్పి, చివర ఒక కొమ్ము దించింది. పాపాయమ్మ గారు పలకని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూశారు.

"పెట్టె తెచ్చారా?"

"తేలేదండి."

"దుప్పటి? పళ్ళెం, గ్లాసు?"

"ఏదీ తేలేదండి."

ఎందుకు తేలేదని ఆవిడ అడగలేదు. "వెళ్ళి పట్రండి మరి. ఆరింటికి సామ్యేలు గేటు వేసేస్తాడు" అన్నారు.

గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి చూశాను. రూబీ ఆవిడ చెయ్యి ఇంకా వదల్లేదు. ఞ రాయిస్తోంది.