మూడో విజిల్

కుక్కర్ మూడో విజిల్ వేసింది. హాల్లోంచి “అమ్మా, మూడు!” అన్న కేక రాలేదు. విజిళ్ళు లెక్కపెట్టడం ఏడేళ్ళ నా కూతురి ఉద్యోగం. ఆపరేషన్‌కి వెళ్ళిన రోజు పొద్దున కూడా లెక్క తప్పలేదు. స్టవ్ కట్టేసి తొంగిచూస్తే, గుండుతో నేలమీద కూర్చుని బొమ్మ వేసుకుంటోంది. “ఎన్నయ్యాయే?” అన్నాను. తలెత్తలేదు.

మెదడు వెనక భాగంలో గడ్డ తీసి ఆరు నెలలు. ఇప్పుడు నెలకోసారి మందు ఎక్కిస్తున్నారు. “దీనివల్ల వినికిడి దెబ్బతినొచ్చు. ఏమాత్రం అనుమానమొచ్చినా ఎక్కించకముందే చెప్పండి,” అని డాక్టరమ్మ మొదట్లోనే అన్నారు. రేపు నాలుగోసారి.

ఆయనతో చెప్పాను. పేపర్ దించకుండానే “బుజ్జీ” అన్నారు తన బొంగురు గొంతుతో. అది చటుక్కున తిరిగింది. “చూశావా? నీ మాటంటే లెక్కలేదు, అంతే.” అత్తయ్య అందుకుంది: “నెత్తికెక్కించుకున్నావమ్మా. గారం చేస్తే ఇంతే మరి.” నిజమేననుకున్నాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, మొన్న మూడుసార్లు పిలిచినా రాలేదని దాని వీపు మీద ఒకటి వేశాను కూడా. ఈ ఇంట్లో నా మాట ఎవరు విన్నారు గనక, అది వినడానికి? పదేళ్ళుగా నేను నోరెత్తితే చాలు, ఆయనది ఒకటే మాట: “గొంతు తగ్గించు.”

సాయంత్రం స్నానం చేయిస్తూ, ఎదురుగా కూర్చుని అడిగాను. “అమ్మ పిలిస్తే పలకవేం, తల్లీ?”

నా పెదాలకేసి కళ్ళార్పకుండా చూసింది. “నీ మాట సగమే వస్తుందమ్మా. నాన్నది మొత్తం వస్తుంది. నీది సన్నం కదా.”

విజిలూ సన్నమే. చెంబు పట్టుకున్న నా చేతికేసి చూసుకున్నాను. కొట్టిన చెయ్యి అదే.

“చెప్పావంటే మందు ఆపేస్తారు. గడ్డ మళ్ళీ వస్తే నీదేనా పూచీ? చెవులు పోతే పోయాయి, ప్రాణం ముఖ్యం,” అన్నారాయన మర్నాడు ఆస్పత్రికి వెళ్తూ, అది చెప్పిన సంగతి నేను చెప్పగానే. ఆ మాట కొట్టిపారేయలేను. నోరు విప్పితే ప్రాణానికి ముప్పు, విప్పకపోతే చెవులకి. తేల్చడానికి నేనెవర్ని? ఆయన మాత్రం ఎవరు? తేల్చాల్సిన మనిషికి అసలు సంగతి తెలియనే తెలియదు.

నర్సు కాగితం చూసి అడిగింది. “వినికిడి బాగానే ఉందా?”

“బ్రహ్మాండంగా ఉంది,” అన్నారాయన.

ఆమె మందు సీసా అందుకుంది.

“ఆగండి. దానికి వినపడట్లేదు.”

“మీవారు బాగుందంటున్నారుగా?”

“ఆయన గొంతు వినపడుతోంది. నాది వినపడట్లేదు.”

“గొంతు తగ్గించు,” అన్నారాయన పళ్ళు బిగించి.

“డాక్టరమ్మని పిలవండి! పరీక్ష చేసేదాకా మందు ఎక్కించొద్దు!” అని అరిచాను. వార్డులో ఉన్నవాళ్ళంతా తలలు తిప్పి నాకేసి చూశారు.

నా కూతురు తప్ప.