ఎదురుకాళ్ల తన్ను

ఆ ఆదివారం పొద్దున మా తమ్ముడు సంపత్ మా వాకిట్లోకి వచ్చేసరికి వాడి ఎడమ కాలికి చెప్పు లేదు. వాడికి ఆ సంగతే తెలియదు. కుడి చెప్పు టపటపలాడిస్తూ, ఎడమ కాలు నేలకు రాస్తూ వచ్చి, గడప ముందు పరిచిన గోనెపట్టా మీద బోర్లా పడుకోబోయాడు.

"చెప్పేదిరా?" అన్నాను.

వాడు కాలు చూసుకున్నాడు. "గదేంది, ఏసుకునే ఎల్లిన గద!"

చెప్పు మలుపు దగ్గర మురుగు మోరీ పక్కన పడి ఉంది. మమ్మల్ని కన్న అవ్వ పోశవ్వ పోయి తెచ్చి వాడి పక్కన పడేసింది. చెప్పు జారిపోయినా తెలియకుండా మనిషి అంత దూరం నడిచాడంటే నా గుండె కలుక్కుమంది. అవ్వకు మాత్రం చీమ కుట్టినట్టు కూడా లేదు.

"జల్ది తన్నవే, ఎండెక్కుతున్నది" అంది.

నేను ఎదురుకాళ్లతో పుట్టాను. అంటే తల కాకుండా కాళ్లు ముందు వచ్చాయి. మా అవ్వ రెండు రోజులు నొప్పులు పడి చచ్చి బతికింది. ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లు తంతే పట్టేసిన నడుము విడుస్తుందని మా దిక్కు నమ్మకం. వరసగా మూడు ఆదివారాలు, ఎడమ కాలితో మూడేసి తన్నులు. పైసా ముట్టకూడదు, ముడితే కాలి గుణం పోతుంది. మాది గోదావరిఖనిలో బొగ్గుగని కార్మికుల కాలనీ. భూమి లోపల వంగి వంగి, చెమ్మస్ అనే వెడల్పాటి పారతో బొగ్గు ఎత్తి, పట్టాల మీద నడిచే టబ్బులు నింపే ఫిల్లర్లు ఇంటికొకరు. నడుము నొప్పి లేని ఇల్లు వెతికినా దొరకదు. కాబట్టి ఆరేళ్ల వయసు నుంచి ప్రతి ఆదివారం నా వాకిట్లో మనుషులు బోర్లా పడుకుంటూనే ఉన్నారు. మీసాలోళ్లను తన్నాను, ముసలోళ్లను తన్నాను, మా బడి పంతులును కూడా తన్నాను. మా ఆయన సదయ్య ఆ ముచ్చట పదిమందికీ చెప్పుకుని మురిసేవాడు. నాకు మాత్రం గర్వం లేదా? ఉంది. ముప్పై నాలుగేళ్లు వచ్చినా తగ్గలేదు.

సంపత్ కూడా ఫిల్లరే. మూడు వారాల కింద గని లోపల నిండు టబ్బు పట్టాల మీంచి దిగిపోయింది. అలాంటప్పుడు జాకీ తెచ్చి ఎత్తాలి. కానీ జాకీ కోసం ఆగితే వీళ్ల మగతనం ఏం కావాలి? నలుగురు టబ్బుకు వీపులు ఆనించి, మోకాళ్లు వంచి, "హైసా" అని నడుముతో లేపుతారు. దానికి వీళ్లు పెట్టుకున్న పేరు నడుం పెట్టుడు. ఎవడి నడుం గట్టిదో పందెం కూడా వేసుకుంటారు. ఆ రోజు టబ్బు పట్టాల మీదికి ఎక్కింది, వీడు కూలబడ్డాడు. నడుములో టప్పుమని, తొడ వెనక నుంచి పిక్క దాకా కరెంటు పాకినట్టు అయిందట. డ్యూటీలో దెబ్బ తగిలిందని రాయించమంటే, "నలుగుర్ల నాదొక్కనిదే ఇరిగిందా అని నవ్వుతరు" అన్నాడు. నవ్వుతారట! నడుము పోయినా ఫర్వాలేదు, నవ్వకూడదు.

మొదటి ఆదివారం తన్నాను, గావుకేక పెట్టాడు. "నరం విడుస్తున్నది, గట్లనే ఉంటది" అంది అవ్వ. రెండో ఆదివారం తంతే కేక రాలేదు. తగ్గిందనుకుని సంబరపడ్డాను. నా బొంద సంబరం! నొప్పి తగ్గి కాదు, కాలు మొద్దుబారి వాడు అరవలేదు.

"కాలి బొటనవేలు పైకి లేపు" అన్నాను.

వాడు ఎంతో కష్టపడ్డాడు. మొహం ఎర్రబడింది తప్ప వేలు కదల్లేదు.

"నేను తన్న. లే, దవాఖానకు పోదాం."

అవ్వకు కోపం నషాళానికి అంటింది. "ఊరందరిని ఉత్తగ తన్నినవు. సొంత తమ్ముడంటె కాలు రాదా? రెండు తన్ని మూడోది ఆపుతె ఉల్టా అయితది!"

అప్పటిదాకా గోడకు ఆనుకుని కొంగు నోట్లో కుక్కుకున్న మా మరదలు తిరుమల, సంపత్ భార్య, ఒక్కసారి బయటపడింది. "వదినె, నిన్న రాత్రి నుంచి ఆయన ఒంటికి పోలే. పొత్తికడుపు రాయోలె అయింది. కూసునే కాడ గూడ తిమ్మిరెక్కిందంటున్నడు. ఎవ్వలికి చెప్పద్దని నా మీద ఒట్టు పెట్టిండు."

అని, చేతిసంచిలోంచి పెద్ద కవరు తీసింది. స్కాను ఫిల్ము, దానితో పాటు ఒక చీటీ. పది రోజుల కిందే మొగుడూ పెళ్లాలు చాటుగా పెద్దపల్లిలో ఒక డాక్టరు దగ్గరికి పోయారట, ఆయన కరీంనగర్‌లో స్కాను తీయించాడట. ఇంట్లో బీరువా కింద దాచారు. చీటీ అడుగున డాక్టరు తెలుగులో, పెద్ద అక్షరాలతో రాసి కింద రెండు గీతలు కొట్టాడు: పాదం పడిపోయినా, కూర్చునే చోట తిమ్మిరి వచ్చినా, మూత్రం ఆగినా అదే రోజు పెద్దాసుపత్రికి పోవాలి. ఆలస్యం చేస్తే పోయిన శక్తి మళ్లీ రాదు.

"డాక్టరు ఏం చెప్పిండే?" అన్నాను.

"ఎన్నుపూసల నడుమ మెత్తగ దిండ్ల లెక్క ఉంటయట. బూరెను ఒత్తితె పూర్ణం పక్కకు ఎల్లినట్టు, దిండు పగిలి లోపటిది ఎల్లి కాలి నరం మీద కూసున్నదట. శానమందికి ఆపరేషన్ అక్కర లేదన్నడు. గోలీలు ఏసుకోని, బరువులెత్తకుంట, మెల్లగ నడుసుకుంట ఉంటె నెలా నెలన్నరల అదే సర్దుకుంటదట. కాని గీ మూడిట్ల ఏది కనవడ్డా ఆగద్దన్నడు. నడుం తొక్కిచ్చుడు, తన్నిచ్చుడు అసలుకే వద్దన్నడు."

అరికాలి మంట నెత్తికెక్కడం అంటే ఏమిటో నాకు ఆ క్షణాన తెలిసింది. నెలా నెలన్నరలో అదే సర్దుకుంటుంది! నా మూడు ఆదివారాలు పూర్తయ్యేసరికి ఎంతమందికి వాళ్లంతట వాళ్లకే తగ్గేదో! తగ్గినవాడు నా కాలికి దండం పెట్టాడు. తగ్గనివాడు ఎటు పోయాడో నేను ఏనాడూ అడగలేదు. ఇరవై ఎనిమిదేళ్లు నేను మోసిన పేరు ఇదీ.

"వద్దన్నాక ఎందుకు పండినవ్‌రా నా ముందర?" అని సంపత్ మీద విరుచుకుపడ్డాను. "మొన్న ఆదివారం నాటికి గా చీటీ నీ ఇంట్లనే ఉన్నది. నాతోని ఎందుకు తన్నిచ్చుకున్నవ్?"

వాడు నేల చూపులు చూశాడు. "ఆపరేషన్ అంటడని భయమయిందక్కా. ఎన్నుకు కత్తి పెడితె ఏమైతదో ఎర్కలేదా? బిక్షం కాకను చూస్తలేవా?"

మా కాలనీలో ఎవరికి వెన్ను ఆపరేషన్ అన్నా వచ్చే పేరు బిక్షం కాకదే. ఒకప్పుడు మంచి ఫిల్లరు. నడుముకు ఆపరేషన్ చేయించుకుని రెండు కాళ్లూ పడిపోయి పద్దెనిమిదేళ్లుగా మంచంలో ఉన్నాడు. ఆయన్ను చూసి భయపడి, ఎంతోమంది ఆపరేషన్ వద్దని డాక్టర్లకు దండం పెట్టి ఇంటికి వచ్చేశారు.

"బిక్షం కాక చేస్కొమ్మంటె చేస్కుంట. పోయి అడుగు" అన్నాడు సంపత్. ఆయన ఆ మాట అనడని వాడి ధైర్యం.

చెప్పులు కూడా వేసుకోకుండా రెండు వీధులు దాటి పోయాను. బిక్షం కాక మంచంలో దిండుకు ఆనుకుని, ఒళ్లో చేట పెట్టుకుని బీడీలు చుడుతున్నాడు. ఆయన భార్య పూలమ్మ కింద కూర్చుని ఆకు కత్తిరిస్తోంది. సంగతంతా గబగబా చెప్పి, "కాకా, వానికి టైం లేదు. నిజం చెప్పు. ఆపరేషన్‌తోనేనా నీకు గిట్లయింది?" అన్నాను.

ఆయన చుడుతున్న బీడీకి దారం కట్టడం ముగించాడు. "కాదు బిడ్డా. ఆపరేషన్ చేసిన డాక్టరు మంచోడే. పది రోజుల ముందు రావల్సి ఉండెనని అన్నడు."

"మరి పది రోజులు ఏడున్నవ్?"

కట్టిన బీడీని ఆయన చేటలో పడేశాడు. పూలమ్మ కత్తెర కింద పెట్టింది. "మీ వాకిట్ల" అంది.

నాకు అర్థం కాలేదు. కాదు, అర్థమైంది గానీ ఇంకో అర్థం ఉంటే బాగుండునని నిలబడ్డాను.

"రెండో ఆదివారం నాటికే ఈయన కాళ్లు మొద్దువారినయ్" అంది పూలమ్మ. "నడిమి వారం ఒంటికి బందయింది. మూడోది గూడ తన్నిచ్చుకుంటె విడుస్తదన్నరు. నలుగురు కలిసి మంచం మీద మోసుకచ్చి నీ గడప ముందర పండవెట్టిండ్రు. నువ్వు తన్నినవు. గా తెల్లారి దవాఖానకు పోయినం."

పద్దెనిమిదేళ్ల కింద నాకు పదహారు. మంచం మీద మోసుకొచ్చిన మనిషి లీలగా గుర్తున్నాడు. ఆ రోజు నేను కొత్త పట్టీలు పెట్టుకున్నాను, అది మాత్రం బాగా గుర్తుంది.

"ఎందుకు చెప్పలే కాకా ఇన్నేండ్లు?" అరిచాను. "ఆపరేషన్‌తో పడ్డవని ఊరంతా అంటుంటె ఎందుకు ఊకున్నవ్?"

"పదహారేండ్ల పోరివి. నువ్వు పిలిచినవా? నేనే వస్తి. పైస తీసుకోకుంట తన్నితివి. నిన్నేమనాలె?" అన్నాడు ఆయన.

"నేను అందామన్న" అంది పూలమ్మ, నా మొహంలోకి సూటిగా చూస్తూ. "ఈయననే అనద్దని నాతోని ఒట్టు పెట్టిచ్చుకున్నడు. ఆదివారం అయితె నీ ఇంటి ముంగట లైను కనవడ్తది నాకు. నా కడుపు మండుతది, మల్ల ఇంట్లకు వస్త."

ఆమె నన్ను రెండు చెంపలూ వాయించినా ఇంత నొప్పి ఉండేది కాదు. మంచితనమట! ఆయన మంచితనానికి ఆయన మీదే నాకు పట్టరాని కోపం వచ్చింది. ఆయన నోరు మూసుకున్న పద్దెనిమిదేళ్లలో నా కాలు ఇంకెందరి వెన్ను మీద పడిందో.

వాకిట్లోకి తిరిగి వచ్చేసరికి తన్నించుకోవడానికి వచ్చినవాళ్లు మరో ఇద్దరు గోడ నీడన కూర్చుని ఉన్నారు. మంచిదే అనుకున్నాను. అందరూ వినేలా చెప్పాను. "బిక్షం కాకను పడగొట్టింది డాక్టరు కాదు. నేను. నీ లెక్కనే కాలు మొద్దువారి, ఒంటికి బందయినోణ్ని నా గడప ముందర పండవెడితె తన్నిన. ఆయన పది రోజులు లేటు చేసిండు. నువ్వు రాత్రి నుంచి చేస్తున్నవ్. ఇగ నీ ఇష్టం."

"అబద్ధం! పూలమ్మ కండ్లల్ల నిప్పులు పోసుకుంటున్నది" అని అవ్వ లేచింది.

"అవ్వా, నోరు ముయ్యి" అన్నాను. పుట్టి బుద్ధెరిగాక ఆమెను ఆ మాట అనడం అదే మొదలు.

సంపత్ రెండు చేతులూ నేలకు ఆనించి లేవబోయాడు, లేవలేకపోయాడు. వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. "పట్టుకో అక్కా" అన్నాడు.

ఆటోలో వెనక సీటు మీద వాణ్ని పడుకోబెట్టి కరీంనగర్ తీసుకుపోయాం. దారి పొడుగునా ప్రతి గుంతకూ వాడు మూలిగాడు, ప్రతి మూలుగుకూ నేను డ్రైవర్‌ను తిట్టాను. ఆసుపత్రిలో గొట్టం వేస్తే సంచి నిండా మూత్రం వచ్చింది. ఆ సాయంత్రమే ఆపరేషన్ అయింది. నరం మీద కూర్చున్న ముక్కను తీసేశారు. సర్జన్‌కు నా తన్నుల సంగతి నేనే చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి, "టబ్బుతోనే పగిలి ఉంటుంది. మీ తన్నులతో ఎంత పెరిగిందో నేను చెప్పలేను. పెరగలేదని మాత్రం చెప్పను" అన్నాడు. ఓదార్చనందుకు ఆయనకు మనసులో దండం పెట్టుకున్నాను.

నాలుగో రోజున గొట్టం తీస్తే సంపత్ తనంతట తాను ఒంటికి పోయాడు. తిరుమల వరండాలో కూలబడి ఏడ్చింది. పాదం మాత్రం ఇంకా వేలాడుతూనే ఉంది. పట్టీ కట్టుకుని నడవాలి, రోజూ వ్యాయామం చేయాలి, ఆరు నెలలకో ఏడాదికో ఎంత వస్తే అంత అన్నారు. ఇక చెమ్మస్ పట్టే పని లేదు.

పన్నెండో రోజు ఇంటికి తెచ్చాం. చూడటానికి వచ్చినవాళ్లకు అవ్వ అరుగు మీద కూర్చుని చెబుతోంది. "మా బిడ్డ అనసూర్య కాలు రెండు ఆదివారాలు పడవట్టె పోరడు గీ మాత్రం దక్కిండు. మూడోది గూడ పడితె ఆపరేషనే లేకుండె." వచ్చినవాళ్లు తలలూపుతున్నారు. అందులో ఒకామె వచ్చే ఆదివారం తన మొగుణ్ని తీసుకురానా అని నన్నే అడిగింది!

నేను అరుగు దగ్గరికి పోయాను. అవ్వ చెయ్యి పట్టుకుని లేపాను. "ఎటే? చెయ్యి ఇడువు, నొప్పయితుంది" అంటున్నా వదల్లేదు. రెండు వీధులూ నడిపించుకుపోయి బిక్షం కాక మంచం ముందు నిలబెట్టాను.

"ఇప్పుడు అరుగు మీద ఏమన్నవో గిక్కడ అను" అన్నాను.

అవ్వ ఆయన్ను చూసింది. పద్దెనిమిదేళ్లలో ఈ ఇంటి గడప ఆమె తొక్కలేదు. దుప్పటి కింద ఆయన కాళ్లు ఉన్నాయా లేవా అన్నట్టు సన్నగా ఉన్నాయి. మడమ దగ్గర పుండుకు పూలమ్మ కట్టు మారుస్తోంది. గుడ్డ లాగుతుంటే చర్మం అంటుకుని వచ్చింది. అవ్వ మొహం చిట్లించుకుంది.

"నొప్పయితలేదా బిక్షం?" అంది చిన్నగా.

"ఏడిది వదినా" అన్నాడు ఆయన, చేటలోంచి ఇంకో ఆకు తీసుకుంటూ. "అయితె బాగుండు."