జోన్‌లో మిగిలిన జట్టు

బావ ఫోన్ చేశాడంటే పీటీ మాస్టారికి ఒళ్ళంతా అనుమానమే. బావంటే అక్క మొగుడు, పక్క బడి అమ్మాయిల వాలీబాల్ జట్టుకు కోచ్. పోయినేడు ఫైనల్‌కి ముందురోజు "మా పొడుగమ్మాయికి జ్వరం" అని మూలిగి, తెల్లారి ఆ పిల్లనే నెట్ దగ్గర నిలబెట్టి గెలిచిన ఘనుడు మరి.

"వాలీబాల్ సంఘం వాళ్ళ కాగితం చూశావా? మన ఐదు బళ్ళ జోన్‌లోనే ఉండాలో, జిల్లా అంతా కలిసే ఓపెన్‌లో ఆడాలో ఈసారి మన ఇష్టమేనట. జోన్ నుంచి ఒక్క జట్టే రాష్ట్ర పోటీలకి, ఓపెన్ నుంచి మూడు. నువ్వు తప్ప మిగతా నాలుగు బళ్ళ జట్లూ జోన్ నుంచి బయటికొచ్చేస్తున్నాయి. నువ్వూ వచ్చెయ్."

"నా మీద ఇంత ప్రేమేంటి బావా?"

"మీ అక్క చెప్పమంది. ఐదింటిలోపు కాగితం నింపి పంపెయ్."

మాస్టారు సామాన్ల గదిలో బల్ల మీద కూలబడ్డాడు. తనను బయటికి పంపించేసి, ఎదురులేని జోన్‌లో గెలుద్దామనే ఎత్తు. ఎవరి చెవిలో పువ్వులు పెడుతున్నాడు?

గాలి తగ్గిన బంతులు పట్టుకుని కెప్టెన్ అమ్మాయి వస్తే, ఫోన్ సంగతి చెప్పాడు. ఆ పిల్లకిదే ఆఖరి ఏడు. రాష్ట్ర పోటీల్లో ఆడితేనే కాలేజీలో ఆటల కోటా సీటు. మార్కులతో వచ్చే ఆశ ఎటూ లేదు.

"ఓపెన్‌కే పోదాం సార్. గెలుస్తాం. కావాలంటే మిగతా కోచ్‌లని కూడా అడగండి."

"అడిగితే మాత్రం? అంతా మా బావకి తాళం వేసేవాళ్ళే."

ఒక్క ఫోన్ చేస్తే తేలిపోయేది. చేయలేదు మహానుభావుడు. బావకు ఉప్పందుతుందేమోనని ఐదుకు రెండు నిమిషాల ముందు దాకా ఆగి మరీ, 'జోన్' అన్నచోట టిక్కు పెట్టి పంపాడు.

సోమవారం జాబితా వచ్చింది. ఓపెన్‌లో నాలుగు బళ్ళూ ఉన్నాయి, బావ బడితో సహా. జోన్‌లో ఒకటే పేరు. కింద రెండు ముక్కలు: ఒకే జట్టున్న జోన్‌లో పోటీ రద్దు, అక్కణ్ణించి పైకి ఎవరూ వెళ్ళరు. ఇక మార్పులు కుదరవు.

"నన్ను మరీ అంత దొంగనుకున్నావట్రా?" అన్నాడు బావ ఫోన్‌లో. వేళాకోళం లేదు ఆ గొంతులో. మాస్టారికి తల కొట్టేసినట్టయింది.

మైదానంలో కెప్టెన్ ఎదురొచ్చింది.

"మన మొదటి ఆట ఎవరితో సార్?"

సంఘం మీదికి నెట్టేద్దామని నోటిదాకా వచ్చింది. మింగేశాడు.

"ఎవరితోనూ లేదమ్మా. మా బావ మాట నేను నమ్మలేదు."

ఆ అమ్మాయి చేతిలోని బంతి కింద పెట్టింది.

"గెలుస్తామని నేనూ చెప్పాను సార్," అంది. "నన్నూ నమ్మలేదు మీరు."