మెంటర్ బ్యాడ్జి

ఆ చెయ్యి కాల్చింది మీరు, యాజమాన్యం వారూ. మీటింగు పెట్టి, చప్పట్లు కొట్టించి, రవిక మీద బిళ్ళ గుచ్చి ఫొటోలు తీయించుకున్న మీరే.

లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసే ఆవిరి రోలర్ దగ్గర పద్నాలుగేళ్ళుగా చేస్తున్న ఆవిణ్ణి అందరూ పెద్దక్క అంటారు. ఆవిడ దగ్గర ఒక కట్టడి ఉంది. కొత్తగా చేరినవాళ్ళు మూడు రోజులు బట్ట ముట్టకూడదు. చేతులు వెనక్కి కట్టుకుని, పక్కన నిలబడి చూడాలి. నాలుగోరోజు వాళ్ళ చేతుల మీద తన చేతులు వేసి మొదటి దుప్పటి రోలర్‌కి అందిస్తుంది. ఇన్నేళ్ళలో ఒక్క వేలు కాలలేదు.

పోయిన నెల మేనేజరు ఆవిడకు 'మెంటర్' అని రాసిన బ్యాడ్జి పెట్టాడు. అంటే ఏంటి బాబూ అనడిగితే, వెంట ఉండి దారి చూపే మనిషి అన్నాడు. మర్నాడే ఆవిణ్ణి హాలు ఆ చివర మడతల బల్లకి తోశాడు. మూడు రోజుల నేర్పు అరగంట వీడియో అయింది. పని జోరందుకోవాలని, చేతులు లోపలికి పోకుండా రోలర్ ముందున్న అడ్డుకడ్డీ కూడా పీకించాడు.

ఆ వీడియో చూసి రోలర్ దగ్గర నిలబడ్డ మొదటి మనిషి పెద్దక్క తోడికోడలు. పదకొండు కొట్టేసరికి కుడిచెయ్యి మణికట్టు దాకా కాలింది. ఆ సాయంత్రం కూతురికి జడ వెయ్యలేక కూర్చుని, తప్పు నాదేనక్కా, నేనే చూసుకోలేదు అందట. పెద్దక్క కడుపు మండింది ఆ మాటకే.

తెల్లారి ఆఫీసుగదిలో బల్ల మీద కాగితం. మెంటర్ సరిగ్గా చూపకపోవడమే ప్రమాదానికి కారణమట. దొంగే దొంగ దొంగ అని అరిచినట్టు. పెద్దక్క సంతకం పెడితే నిన్న ఆపిన రోలర్ మళ్ళీ తిరుగుతుంది, పెట్టకపోతే ఆవిడ గేటు బయటుంటుంది.

"ఒక గీత గీసెయ్యి పెద్దక్కా. పేరుకే కదా," అన్నాడు సూపర్‌వైజరు.

"పేరుకే అయితే నీ పేరు రాసుకో తమ్ముడూ."

బ్యాడ్జి ఊడదీసి ఆ కాగితం మీద పెట్టింది. తిన్నగా వెళ్ళి రోలర్ ముందు నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుంది. ఆవిడ దగ్గర పని నేర్చుకున్న తొమ్మిదిమందీ ఒక్కొక్కరే వచ్చి పక్కన నిలబడ్డారు, మొదటిరోజు నిలబడ్డట్టే. మేనేజరు పరుగున వచ్చాడు.

"కడ్డీ బిగించు. నా మూడు రోజులు నాకియ్యి. కడ్డీ పీకించిందెవరో ఆ కాగితంలో రాయి. అన్నీ ఇవాళే. అప్పటిదాకా ఈ చేతులు ముందుకు రావు," అంది పెద్దక్క.