సీడర్ కోర్టులో నాలుగు కూతలు

మా ఊరు బ్రాంట్‌విల్. ఇరవై రెండు వేల జనం, ఒక నది, మూతపడిన గాజు ఫ్యాక్టరీ, అవసరానికి మించి చర్చీలు. సిటీ బస్సుల డిపోలో ముప్పై నాలుగేళ్ళు మెకానిక్‌గా చేసి రిటైరయ్యాక నాకు మిగిలిన వ్యసనం ఒక్కటే, స్కానర్. పోలీసులు, ఫైరింజన్ వాళ్ళు, అంబులెన్స్ వాళ్ళు తమలో తాము మాట్లాడుకునే మాటలన్నీ పట్టి వినిపించే రేడియో అది. మా వంటింట్లో కాఫీ మెషిన్ పక్కన ఉంటుంది. పొద్దున ఏడింటి నుంచి వింటూ, నోటుబుక్కులో రాసుకుని, సాయంత్రం ఆరింటికల్లా ఊరివాళ్ళ ఇంటర్నెట్ పేజీలో పెడతాను. తొమ్మిదేళ్ళుగా ఇదే పని. విసుగు కూడా తొమ్మిదేళ్ళదే.

ఊళ్ళో గొప్ప నేరాలు జరుగుతున్నాయనుకుని స్కానర్ కొన్నవాడికి మొదటి వారంలోనే కళ్ళు తెరుచుకుంటాయి. జనవరి ఎనిమిదో తేదీన నేను రాసింది ఇది:

"7.12. వాటర్ స్ట్రీట్ మలుపులో అడవి టర్కీ కోడి. కార్లు ఆగిపోయాయి. పోలీసాయన హారన్ కొట్టాడు. కోడి తిరిగి అరిచింది.

9.05. పక్కింటాయన మంచు తవ్వి తన వాకిట్లో పోస్తున్నాడని ఎల్మ్ వీధి నుంచి ఒకావిడ ఫిర్యాదు. ఈ శీతాకాలంలో ఆరోసారి.

9.40. ఆవిడ మీద ఆ పక్కింటాయన ఫిర్యాదు.

10.44. సీడర్ కోర్ట్ అపార్ట్‌మెంట్లు, 3సి. అలారం. ఎవరో ఏదో మాడ్చారు. ప్రమాదం లేదు."

ఇంత శ్రద్ధగా రాస్తే కింద జనం అడిగేది ఒక్కటే ప్రశ్న. "నిన్న మా ఇంటి మీద హెలికాప్టర్ ఎందుకు తిరిగింది?" నాకెలా తెలుస్తుంది? నేను దాన్ని నడపలేదు కదా. ఒకాయనైతే తన కుక్క తప్పిపోయిన సంగతి నేను ముందే ఎందుకు చెప్పలేదని నన్నే నిలదీశాడు.

మా ఆవిడ రోజ్‌మేరీ ఈ గొడవంతా భరించలేకపోయేది. "నార్బర్ట్, ఆ పెట్టె నోరు నువ్వు మూయిస్తావా, నన్ను మూయించమంటావా?" అనేది గుడ్లు వేయిస్తూ. ఆమె మాట మీద ధ్వని తగ్గించి, చెవి దగ్గర పెట్టుకుని వినేవాణ్ణి.

ఆ చలికాలంలో నన్ను అన్నిటికంటే ఎక్కువ విసిగించింది సీడర్ కోర్ట్ 3సి. అది వయసుమళ్ళినవాళ్ళు అద్దెకుండే నాలుగంతస్తుల ఇటుక భవనం. అక్కడి అలారాలు నేరుగా ఫైర్ కంట్రోల్ రూమ్‌కి కలిపి ఉంటాయి. డిసెంబరు నుంచి ఆ 3సి అలారం మోగడం, ఫైరింజన్ ఊరంతా హోరెత్తిస్తూ వెళ్ళడం, పది నిమిషాలకి "ఏం లేదు, వంట పొగ" అని తిరిగి రావడం. ఆ సమయంలో నిజంగా ఎవరి ఇల్లయినా అంటుకుంటే గతేమిటని నాకు మండిపోయేది. జనవరి చివరి వారంలో ఒకరోజు కడుపుమంట కొద్దీ ఇలా రాశాను: "10.38. సీడర్ కోర్ట్. టోస్టు మహారాణి మళ్ళీ రొట్టె మాడ్చింది."

తొమ్మిదేళ్ళలో నేను రాసిన ఏ వాక్యానికీ అంత ఆదరణ రాలేదు. నాలుగు వందల మంది నవ్వారు. నాకూ బాగానే ఉంది, అబద్ధమెందుకు చెప్పాలి. ఆ తర్వాత అలారం మోగిన ప్రతిసారీ అదే పేరు వాడాను.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం ఫైర్ స్టేషన్‌లో ఏటా పెట్టే పాన్‌కేక్ విందుకి వెళ్ళాం. నేను పాకం పోసుకుంటుంటే ఎవరో నా భుజం మీద చేతికర్రతో పొడిచారు. తిరిగి చూస్తే ఒక పొట్టి ముసలావిడ. ఊదారంగు కోటు, తల మీద ఊలు టోపీ.

"ఆ రేడియో మనిషివి నువ్వేనా?"

"అవునండీ, నార్బర్ట్ క్లిమెక్. మీరూ?"

"టోస్టు మహారాణిని."

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు తినడం ఆపేశారు.

"నా పేరు విల్మా ఓస్టర్. నలభై ఏళ్ళు ఈ ఊరి పిల్లలకి లెక్కలు చెప్పాను. నా ఇంట్లో టోస్టర్ లేదు. ఉన్నా లాభం లేదు. ఈ కట్టుడు పళ్ళతో టోస్టు కొరికితే పళ్ళు రొట్టెలోనే ఉండిపోతాయి. నువ్వెప్పుడైనా వచ్చి చూశావా?"

"లేదండీ. రేడియోలో వాళ్ళు వంట పొగ అన్నారు, నేను..."

"వాళ్ళన్నారు, నువ్వు రాశావు! పొద్దున పదిన్నరకి ఎవడు వండుతాడు? ఆ సమయానికి నాకు తల పగిలిపోతూ ఉంటుంది. పడుకుంటాను. డాక్టరేమో వయసంటాడు. మా అబ్బాయేమో ఫోన్లో, అమ్మా, స్టవ్ మీద ఏదో పెట్టి మర్చిపోతున్నావు, ఇక నిన్ను వృద్ధుల హోమ్‌లో చేర్చాల్సిందే అంటున్నాడు. ఎలా తెలిసిందిరా అంటే నీ రాతలు చదివాడట!"

పాన్‌కేక్‌లు వేస్తున్న ఫైర్ లెఫ్టినెంట్ డగ్ హెనెసీ నన్ను కాపాడబోయాడు. "విల్మా, నేనే అయిదారుసార్లు వచ్చాను కదా. మీటరు పెట్టి చూశాం. గాలి శుభ్రంగా ఉంది. మేమొచ్చేసరికి పొగా ఉండదు, గ్యాసూ ఉండదు. వంట పొగ పోయిందనుకున్నాం."

"అయితే అలారానికి పిచ్చెక్కిందా?"

"పాతబడిపోయిందేమో."

"నాలాగానా?" అని, ఆవిడ నా పళ్ళెంలోంచి ఒక పాన్‌కేక్ తీసుకుని వెళ్ళిపోయింది.

ఇంటి దగ్గర కారు దిగుతూ రోజ్‌మేరీ, "క్షమాపణ రాయి. నంగి నంగిగా కాదు, సరిగ్గా," అంది.

నేను నంగి నంగిగానే రాశాను. "సీడర్ కోర్ట్ 3సిలో టోస్టర్ లేదని తెలియవచ్చింది. గమనించగలరు." అంతే. ఇక చూడండి జనం తెలివి. "టోస్టర్ లేకుండా ఎలా మాడుస్తోంది, స్టవ్ మంట మీదేనా?" అని ఒకరు. మాడిన రొట్టె బొమ్మలు ఇరవై ముప్పై. మంగళవారంనాటికి ఎవరో ఒక రొట్టెల ప్యాకెట్ తెచ్చి ఆవిడ తలుపు పిడికి తగిలించి, దాన్ని ఫోటో తీసి పెట్టారు. అది చూసి నా మొహం చెల్లలేదు. పాత రాతల్లో ఆ పేరున్నవన్నీ కొట్టేశాను. కొట్టేసినందుకు కూడా తిట్టారు.

ఆ గురువారం పొద్దున అంబులెన్స్ వాళ్ళు అదే భవనంలో ఉన్నారు. రెండో అంతస్తులో ఒక పెద్దాయన జారిపడ్డాడు. 10.41కి కంట్రోల్ రూమ్ 3సి అలారం అంది. "మేమిక్కడే ఉన్నాం, పైకెళ్ళి చూస్తాం," అంది అంబులెన్స్‌లోని అమ్మాయి. నిమిషం తిరక్కుండా ఆమె మూడో అంతస్తు నుంచి మాట్లాడింది. ఆమె మాటల వెనక అలారం వినిపిస్తోంది. ఆ అలారం కూత రేడియోలో వినడం నాకదే మొదటిసారి. ఫైరింజన్ చేరేసరికి ఎప్పుడూ ఎవరో దాన్ని ఆపేసి ఉంచేవారు.

కీ. కీ. కీ. కీ. కాస్త ఆగి మళ్ళీ నాలుగు.

ఇంజన్ల మోత వింటూ ముప్పై నాలుగేళ్ళు బతికినవాడి చెవి ఊరికే ఉండదు. కుర్చీ లాక్కుని ఎక్కి, మా వంటింటి పైకప్పుకున్న అలారం ఊడబీకాను.

"ఏం చేస్తున్నావు? పడి నడుము విరగ్గొట్టుకుంటావా?" అని రోజ్‌మేరీ కేకలు.

"వెనక రాసింది చదువు. నాకు కళ్ళద్దాల్లేవు."

ఆమె చదివింది. "మూడు కూతలైతే పొగ. నాలుగైతే కార్బన్ మోనాక్సైడ్." అదొక విషవాయువు. వాసన ఉండదు, రంగు ఉండదు. పీలిస్తే ముందు తలనొప్పి, తర్వాత మత్తు, ఆ తర్వాత చావు.

ఫైర్ స్టేషన్‌కి ఫోన్ చేశాను. అరగంటకి గానీ హెనెసీ దొరకలేదు. దొరికీ విసుక్కున్నాడు. "నార్బ్, స్కానర్లో విన్నవాటికి నువ్వు మాకు ఫోన్ చెయ్యకూడదని ఎన్నిసార్లు చెప్పాలి? ఇప్పుడే వచ్చాం అక్కణ్ణుంచి. మీటరులో సున్నా."

"మీరెళ్ళేసరికి కిటికీలు తెరిచున్నాయా?"

"ఉన్నాయి. లెస్టర్ తెరిచాడు. అక్కడి వాచ్‌మన్. ఎప్పుడూ వాడే తెరుస్తాడు. ఎందుకు?"

"ఈ చలిలో పది నిమిషాలు కిటికీలు బార్లా తీస్తే సున్నా కాక ఏముంటుంది?"

"కొత్త అలారం పెట్టమని బిల్డింగు వాళ్ళకి చెప్తాలే," అని పెట్టేశాడు.

కొత్త అలారం! నాకు గోడకేసి తల బాదుకోవాలనిపించింది. నోటుబుక్కులు ముందేసుకుని డిసెంబరు నుంచి తిరగేశాను. పందొమ్మిది అలారాలు. అన్నీ సోమవారమో గురువారమో. అన్నీ పదిన్నరకీ పదకొండుకీ మధ్య. పొద్దస్తమానం రాసింది నేనే. నా కంటికే ఆనలేదు. వెంటనే విల్మాకి ఫోన్ చేసి, సోమవారందాకా కిటికీ కాస్త తెరిచి ఉంచుకోమన్నాను. "చలికి చస్తే పూచీ నీదే," అంది.

సోమవారం పదింటికి సీడర్ కోర్ట్‌కి వెళ్ళాను. కింద హాల్లో లెస్టర్ ఎదురయ్యాడు. సన్నగా, చిరాకుగా ఉండే మనిషి, చేతిలో తాళాల గుత్తి.

"ఎవరి కోసం?"

"మిసెస్ ఓస్టర్."

"టోస్టు మహారాణా? వెళ్ళు, నీకూ ఒక ముక్క పెడుతుంది."

నా జోకు నాకే తిరిగొచ్చింది. పక్కకి చూశాను. సెల్లార్ మెట్ల మీద తడి తివాచీలు గుట్టగా పడున్నాయి. "వారానికి రెండుసార్లు నడవాల్లో తివాచీలు ఉతకాలి. సోమ, గురు. నాకు వేరే పనేం ఉండదనుకుంటారు వీళ్ళు," అని సణిగాడు. వాటిని ఆరబెట్టే పెద్ద గ్యాసు మెషిన్ కింద హోరుమంటోంది.

నేను మెట్లు రెండేసి చొప్పున ఎక్కాను, అరవై ఆరేళ్ళ మోకాళ్ళు వద్దంటున్నా. విల్మా అప్పటికే కణతలు నొక్కుకుంటూ సోఫాలో కూర్చుంది. ఆవిడ బాత్‌రూమ్ గోడ వెనక పైపులు వెళ్ళే గొట్టం ఒకటి సెల్లార్ నుంచి పైదాకా ఉంది. దాని చెక్క మూత వదులుగా ఉంది. చెయ్యి పెడితే వెచ్చటి గాలి తగిలింది. అప్పుడే అలారం మొదలైంది. నాలుగు. నాలుగు.

కిటికీ మూసి, ఆవిడకి కోటు తొడిగి, నడవాలోకి తీసుకొచ్చి తలుపు వేశాను. పక్క తలుపులన్నీ బాదుతూ, ఫైర్ స్టేషన్‌కి నేనే ఫోన్ చేశాను. ఇంతలో లెస్టర్ రొప్పుతూ పైకొచ్చాడు.

"జరుగు. కిటికీలు తియ్యాలి."

"తియ్యడానికి వీల్లేదు. వాళ్ళొచ్చి మీటరు పెట్టేదాకా ఈ తలుపు తెరుచుకోదు. నువ్వు కిందికెళ్ళి ఆ మెషిన్ ఆపు."

"నువ్వెవరు నాకు చెప్పడానికి?"

"ఎవరైతే నీకెందుకయ్యా! విషవాయువు వస్తోంది లోపల!"

"ప్రతిసారీ ఇదే గోల. వాసన పోతే అలారం ఆగుతుంది, నా పని నాకు అవుతుంది."

"వాసనుందా నీకు? చెప్పు, వాసనొస్తోందా?"

అతను గాలి పీల్చి చూశాడు. ఏ వాసనా లేదు. మొదటిసారి అతని మొహంలో అనుమానం కనిపించింది. మెషిన్ ఆపడానికి కిందికి పరిగెత్తాడు.

హెనెసీ వచ్చి ముసుగు తొడుక్కుని లోపలికి వెళ్ళాడు. తలుపు తియ్యగానే అతని మీటరు అరవడం మొదలుపెట్టింది. అరనిమిషంలో బయటికొచ్చి రేడియోలో ఒకే మాటన్నాడు: "భవనం మొత్తం ఖాళీ చేయించండి."

నలభై మంది ముసలివాళ్ళం చెప్పులతో, దుప్పట్లతో, ఒకావిడ చిలక పంజరంతో సహా, మంచులో నిలబడ్డాం. నాకూ తల దిమ్ముగా ఉంటే అంబులెన్స్ అమ్మాయి ఆక్సిజన్ పెట్టింది. సెల్లార్లో ఆ మెషిన్ పొగగొట్టం నవంబరులోనే ఎవరో సామాను జరుపుతూ ఊడగొట్టారట. విషమంతా పైపుల దారిన పైకి పోతోంది. 3సికి ఎదురు ఫ్లాటు పెద్దాయనని గుండె జబ్బని మూడుసార్లు ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఆయన గుండెకి ఏమీ లేదు. గురువారం జారిపడ్డాయన సంగతీ ఇదేనేమో, ఎవరూ రూఢిగా చెప్పలేకపోయారు.

హెనెసీ నా పక్కకొచ్చి నిలబడ్డాడు. "తప్పు మాదే. కిటికీలు మూసి మళ్ళీ చూడాల్సింది." ముసుగు చంకలో పెట్టుకుని, "అయినా నువ్వు ఆ నడవాలో నిలబడ్డం వట్టి మూర్ఖత్వం. నువ్వు పడిపోతే మోసేది మేమేగా," అన్నాడు. అతనన్నది నిజం.

ఆ సాయంత్రం జరిగింది జరిగినట్టు, నా తప్పుతో మొదలుపెట్టి రాశాను. విల్మా ఓస్టర్ అలారం పందొమ్మిదిసార్లు నిజం చెప్పిందనీ, పందొమ్మిదిసార్లూ మేం నవ్వామనీ రాశాను. చాలామంది మంచి మాటలు రాశారు. ఒకరు హెలికాప్టర్ గురించి అడిగారు.

వారం తర్వాత విల్మా ఇంటికి వెళ్ళి ఎదురుగా నిలబడి క్షమించమన్నాను. ఆవిడ కళ్ళద్దాలు తుడుచుకుంటూ విన్నది.

"తలనొప్పి పోయింది. మా అబ్బాయి హోమ్ మాట ఎత్తడం మానేశాడు. పేర్లు మర్చిపోవడం మాత్రం పోలేదు, అది నా సొంతం," అంది. "పందొమ్మిదిసార్లు నా గురించి విన్నావు. ఇంటి నుంచి ఇక్కడికి ఎంతసేపు?"

"పది నిమిషాల నడక."

"ఊఁ," అంది. అంతకంటే ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

తర్వాత కిటికీ వైపు చూపించింది. లెస్టర్ అన్నిసార్లు విసురుగా లాగి తెరవడంతో కర్టెన్ కడ్డీ గోడలోంచి ఊడి వేలాడుతోంది. నేను ఇంటికెళ్ళి పనిముట్లు తెచ్చి, రెండు గంటలు కష్టపడి బిగించాను. ఆవిడ సోఫాలోంచి ఒక కన్ను మూసుకుని చూసింది.

"ఎడమవైపు అర అంగుళం కిందికుంది."

"లేదండీ, కొలిచాను."

"నలభై ఏళ్ళు లెక్కలు చెప్పాను, నాకు చెప్పకు. విప్పు."

విప్పి మళ్ళీ కొలిచాను. అర అంగుళం కిందికే ఉంది.