కంచం కింద మొదటి పుట

అబిడ్స్ సందులో కొత్తగా తెరిచిన ఆ హోటలు పేరు 'కథాపాత్ర'. పేరుకు తగ్గట్టే అక్కడ కథకూ కొదవ లేదు, పాత్రకూ కొదవ లేదు. గోడల మీద రాకుమారులు, బల్లల మీద సాంబారు గిన్నెలు. వడ్డించేవాళ్ల తలల మీద అట్టకిరీటాలు. మెనూలో 'రాక్షసుడి ప్రాణం' అంటే కోడిగుడ్డు పులుసు, 'మాయాచక్రం' అంటే గారె. పాత పిల్లల పుస్తకాలు కోసి, కాగితాలు బల్లల మీద అతికించి, పైన అద్దం బిగించారు. పూటకో పుట తినిపోవచ్చు.

ఈ వైభవమేదీ వెంకటనర్సయ్య కంటికి ఆనడం లేదు. సోమయాజులు ఎక్కడ పుస్తకం అడుగుతాడోనని ఆయనకు ఒకటే గుబులు.

అడగనే అడిగాడు.

"తెచ్చావా నర్సయ్యా?"

"అయ్యో, మళ్ల మర్చిన పంతులూ. బస్సెక్కినంక యాదికొచ్చింది."

"పోయిన వారం కూడా ఆ బస్సే ఎక్కించావు నన్ను!"

ఇద్దరూ ముప్పై ఏళ్లు నాంపల్లిలో ఒకే ప్రెస్సులో పనిచేశారు. నర్సయ్య అక్షరాలు కూర్చేవాడు, సోమయాజులు తప్పులు దిద్దేవాడు. సోమయాజులు జన్మకొక పుస్తకం రాశాడు. పదహారు పుటల పిల్లల కథ, 'గొడుగు అడిగిన ఏనుగు'. దాన్ని అక్షరం అక్షరం కూర్చింది నర్సయ్యే. అందుకే మొదటి ప్రతి మీద నాలుగు మాటలు రాసి ఆయనకే ఇచ్చాడు. మిగతా కట్టంతా సోమయాజులు ఇంటి అటక మీద చెదలకు పలహారమైంది. ఆ పుస్తకాన్ని ఆసాంతం నమిలి జీర్ణించుకున్న పాఠకులు అవే. ఇప్పుడు మనవరాలు కీర్తికి ఐదేళ్లు నిండుతున్నాయి. పుట్టినరోజు నాడు తాత కథ తాతే చదివి వినిపిస్తానని మాటిచ్చాడు. పుట్టినరోజు ఎల్లుండి. ప్రతి ఒక్కటీ పోగా మిగిలింది ఒక్క ప్రతి. అది నర్సయ్య దగ్గరుంది.

లేదు. అదీ గుబులు. రెండేళ్ల కిందట నాంపల్లి ఇల్లు ఖాళీ చేసేటప్పుడు పాత కాగితాలన్నీ బస్తాలో కుక్కి, మూతి తానే బిగించి, కోఠిలో పాత పుస్తకాలవాడికి ఇచ్చి వచ్చాడు. ఏనుగు కూడా ఆ బస్తాలోనే పోయిందని వారం తర్వాత గానీ తెలియలేదు. పరుగెత్తుకెళ్లి వెతికాడు. దొరకలేదు.

ఇవాళ చెప్పేద్దామనే వచ్చాడు. నోరు తెరిచాడు. అప్పుడే ఎందుకో తల దించి బల్ల చూశాడు.

అద్దం కింద నీలిసిరాతో, ముత్యాల్లాంటి అక్షరాలు: "నా మొదటి పాఠకుడు వెంకటనర్సయ్యకు, ప్రేమతో, సోమయాజులు."

వడ్డించే శశికళ అదే క్షణాన రాణిగారిలా వచ్చి గారెల కంచం పెట్టబోయింది. నర్సయ్య రెండు చేతులా కంచం అందుకుని, ఆ నీలి అక్షరాల మీద ముద్ర గుద్దినట్టు పెట్టాడు.

ఇక అది అక్కణ్నుంచి కదలకూడదు.

రెండు గారెలు అయిపోయాయి. "తీసేయమంటరా సార్?" అంది శశికళ.

"వద్దు బిడ్డా! ఇంకో రెండు తే. ఇందులనే వెయ్యి."

"షుగరు మనిషివి, ఏమిట్రా ఈ గారెల యజ్ఞం?" అన్నాడు సోమయాజులు.

"ఆకలైతుంది పంతులూ."

ఆ రెండూ అయిపోయాయి. ఇంకో రెండొచ్చాయి. తింటే గారెలే తినాలన్నవాడెవడో ఐదోది తిని ఉండడు.

సోమయాజులు చెయ్యి కడుక్కోవడానికి లేచాడు. నాలుగు బల్లలు దాటాడో లేదో, నాంపల్లి స్టేషనులో రైలు కూత వేసినట్టు ఒక్క కేక.

"నర్సయ్యా! నా ఏనుగురా!"

ఆ బల్ల దగ్గరి కుటుంబం బెదిరి కంచాలు పైకెత్తింది. ఇక ఆయన్ని ఆపేవాళ్లెవరు? బల్ల బల్లకీ వెళ్లి, "అమ్మా, కాస్త గిన్నె జరపండి, కింద నా కథ ఉంది" అంటూ ఫోనులో ఫొటోలు తీసుకున్నాడు. కాగితాలు తీసిస్తారా అని శశికళను అడిగాడు.

"రావు సార్. కోఠిల కొనుక్కొచ్చి గమ్ముతోని అతికిచ్చిన్రు. పీకితే చినిగిపోతయి."

తిరిగొచ్చి కూర్చున్నాడు. ముఖం వెలిగిపోతోంది.

"ఏడు పుటలు దొరికాయి! అన్నీ బేసి పుటలే. సరి పుటలు సరి, గమ్ములో కలిసిపోయాయి. అయితేనేం, ఇన్నాళ్లూ నీ ప్రతి ఒక్కటే మిగిలిందనుకున్నానా? ఊళ్లో ఇంకోటి ఉండేదన్నమాట! ఎవడో మహానుభావుడు అమ్ముకున్నాడులే. పోనీ. రేపు నీ పుస్తకం ఎలాగూ ఇస్తావుగా."

నర్సయ్య నోట్లో గారె ఉంది. అటూ పోదు, ఇటూ రాదు.

"మొదటి పుట ఒక్కటే కనబళ్లేదు. మన బల్ల చూశావా?"

"ఏదో లెక్కల పుస్తకం కాయితం ఉంది."

"కంచం కింద?"

"ఇంకా తింటున్న పంతులూ."

"తిను తిను. నాకు తొందరేముంది?" ఫోను చేత్తో పట్టుకుని, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, సోమయాజులు ఎదురుచూస్తూ కూర్చున్నాడు.

నర్సయ్య ఆరో గారెను రెండు ముక్కలు చేశాడు. రెండింటినీ నాలుగు చేశాడు. నాలుగింటినీ ఎనిమిది చేశాడు. ముక్కకు ముక్కకు మధ్య మంచినీళ్లు తాగాడు. చెప్పెయ్యి అని లోపలి మనిషి పోరుతున్నాడు. కడుపులో ఇన్ని గారెలుంటే పాపం, వాడి గొంతు పైకెలా వస్తుంది? ఆఖరి ముక్కకు సాంబారు కూడా మిగల్లేదు. ఎండుదే మింగాడు. ఇంకో రెండు చెబుదామని తలెత్తేసరికి, పక్క బల్ల తుడిచి వస్తూ శశికళ అలవాటు చొప్పున కంచం తీసుకుని వెళ్లిపోయింది.

ఇద్దరూ కిందికి చూశారు.

సోమయాజులు తన దస్తూరీ తానే చదువుకున్నాడు. ప్రూఫు చూసేవాడి చదువది. ఒక్క అక్షరమూ దాటిపోదు. నర్సయ్య పేరు దగ్గర చూపు ఆగింది.

తిడితే బాగుండు అనుకున్నాడు నర్సయ్య. "పంతులూ, ఇల్లు మారేటప్పుడు..." అని మొదలుపెట్టాడు.

సోమయాజులు తిట్టలేదు. కండువా కొసతో అద్దం మీది సాంబారు చుక్క తుడిచాడు. ఫోను ఎత్తి పట్టుకున్నాడు.

"కాస్త పక్కకి జరగండి. నీడ పడుతోంది."

ముప్పై ఏళ్ల స్నేహంలో మొదటిసారి 'అండి' అన్నాడు. నర్సయ్య కుర్చీ జరిపాడు.

"ఇంకాస్త."

జరిపాడు. వీపు గోడకు, అంటే ఎవరో రాకుమారుడి గుర్రానికి, తగిలింది. ఇక జరగడానికి చోటు లేదు. నీడ మాత్రం ఆ పేరు మీదనే ఉంది.